టీవీయే కంప్యూటర్ అంటున్నారు సరే, మధ్యలో ప్రోటోకాల్ ఏది?

2024 డిసెంబర్‌లో టీ-ఫైబర్ సేవలు ప్రయోగాత్మకంగా మొదలైన ఊళ్లలో మా పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ కూడా ఉంది. నెలకు 300 రూపాయలకు ఇంటర్నెట్, ఫోన్, ఇంకా ఇంట్లో ఉన్న టీవీనే కంప్యూటర్‌లా వాడుకునే వీలు ఉంటుందని ప్రకటించారు. 2025 జూలైలో జియోపీసీ వచ్చింది. సెట్‌టాప్ బాక్స్‌కి కీబోర్డు, మౌస్ తగిలిస్తే చాలు, నెలకు 599 రూపాయలు, పైన జీఎస్టీ. అప్పటి నుంచి గోదావరిఖని చౌరస్తాలో చాయ్ తాగేటప్పుడు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "అన్నా, ఆ డబ్బాతో పీసీ వస్తదంట కదా, ర్యామ్ ఎంత ఇస్తున్రు?"

ర్యామ్ సంగతి తర్వాత చూడొచ్చు. ఆ ర్యామ్ మీ ఇంట్లో ఉండదు, ఎక్కడో డేటా సెంటర్‌లో ఉంటుంది. మీ దగ్గర ఉండేది థిన్ క్లయింట్. అంటే స్క్రీన్ చూపించి, మీరు నొక్కిన మీటలు అవతలికి పంపే చిన్న డబ్బా. ఆ రెండింటి మధ్య నడిచే భాషే రిమోట్ డెస్క్‌టాప్ ప్రోటోకాల్. నా అభిప్రాయం సూటిగా చెప్తా. థిన్ క్లయింట్ కొనేటప్పుడు, ల్యాబ్ పెట్టేటప్పుడు మొదట చూడాల్సింది ఆ భాష ఏదని. మనలాంటి ఊళ్లకు, తెలుగులో చదివి తెలుగులో టైప్ చేసే వాళ్లకు ఇవాళ్టికి సరైన సమాధానం ఆర్‌డీపీ. ఎందుకో చెప్పడానికే ఈ ఆర్టికల్.

ప్రోటోకాల్ అంటే ఏంటో బొగ్గుబావి పిల్లలకు కొత్తగా చెప్పక్కర్లేదు. గనిలో హాలేజ్ దగ్గర సిగ్నల్ గంట ఉంటుంది. కింద ఉన్న మనిషి గంట కొడతాడు, పైన ఇంజిన్ దగ్గర ఉన్న మనిషి ఆ లెక్క విని బండి నడుపుతాడు. ఒక గంట అంటే ఆపు. ఇద్దరికీ ఒకే లెక్క తెలిసి ఉండాలి. ఇంజిన్ ఎంత గొప్పదైనా, లెక్క తేడా వస్తే ప్రమాదమే. థిన్ క్లయింట్‌లోనూ అంతే. సర్వర్‌లో పదహారు కోర్లు ఉన్నా, ఇవతలి డబ్బాకు ఆ భాష రాకపోతే దాన్ని పేపర్ వెయిట్‌గా వాడుకోవాలి.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్తున్నది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రోజుల్లో, 2008 ప్రాంతంలో, దాదాపు 5,000 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు ఎన్‌కంప్యూటింగ్ పరికరాలతో 50,000 సీట్ల వరకు పెట్టే భారీ ప్రాజెక్టు నడిచింది. ఒక పీసీని నలుగురైదుగురు పిల్లలు పంచుకోవడం అనే ఆలోచన చాలా మంచిది, ఇప్పటికీ మంచిదే. కానీ ఆ కంపెనీ డబ్బాల్లో ఒక రకం పీసీలో పెట్టే పీసీఐ కార్డు మీద నడిచేది, ఇంకో రకం ఆ కంపెనీ సొంత ప్రోటోకాల్ యూఎక్స్‌పీ మీద నడిచేది. కొత్త మదర్‌బోర్డుల్లో పీసీఐ స్లాట్ మాయమయ్యాక మొదటి రకానికి పనిలేదు. రెండో రకానికి ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ తప్ప వేరే దిక్కు లేదు. డబ్బాలో కాలిపోయింది ఏమీ ఉండదు, అయినా పక్కన పడేయాల్సి వస్తుంది.

పెద్ద కంపెనీల ప్రోటోకాల్స్ అయితే సేఫ్ అనుకుంటున్నారా? వర్చువల్ మెషీన్ల కోసం వచ్చిన స్పైస్‌ని రెడ్‌హ్యాట్ 2008లో కుమ్రానెట్‌తో పాటు కొనుక్కుంది, 2009లో ఓపెన్ సోర్స్ చేసింది. తర్వాత అదే రెడ్‌హ్యాట్ తన ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9 నుంచి దాన్ని తీసేసింది. ఎన్విడియా తన షీల్డ్ డబ్బాల్లో గేమ్‌స్ట్రీమ్‌ను 2023లో ఆపేసింది. టెరాడిచి వాళ్ల పీసీఓఐపీ చిప్ మీద నడిచే జీరో క్లయింట్లు పాతబజార్లో చవగ్గా కనిపిస్తాయి. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, కొనకండి. వాటికి ఆ ఒక్క భాషే వచ్చు. మైక్రోసాఫ్ట్ వాళ్ల విండోస్ 365 లింక్ 349 డాలర్లు, పోయి పోయి వాళ్ల క్లౌడ్ పీసీకే కనెక్ట్ అవుతుంది. అమెజాన్ 195 డాలర్లకు తెచ్చిన థిన్ క్లయింట్ లోపల ఫైర్ టీవీ క్యూబ్ హార్డ్‌వేర్, అది వాళ్ల క్లౌడ్ సేవల కోసమే. హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసు అయితే మూడేళ్లకోసారి మార్చుకుంటారు. మన దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్ పెట్టిన మనిషి ఆ సామాను పదేళ్లు వాడాలనుకుంటాడు.

ఆర్‌డీపీ 1998లో విండోస్ ఎన్‌టీ 4.0 టెర్మినల్ సర్వర్ ఎడిషన్‌తో బయటకొచ్చింది. తయారుచేసింది మైక్రోసాఫ్టే అయినా, దాని స్పెసిఫికేషన్ అందరికీ అందుబాటులో పెట్టారు. అందుకే ఫ్రీఆర్‌డీపీ, రెమ్మినా లాంటి ఉచిత క్లయింట్లు, లినక్స్‌ని ఆర్‌డీపీ సర్వర్‌గా మార్చే ఎక్స్‌ఆర్‌డీపీ వచ్చాయి. ఉబుంటు 22.04 నుంచి డెస్క్‌టాప్ షేరింగ్‌కి డిఫాల్ట్‌గా ఇచ్చేది కూడా ఆర్‌డీపీయే. ఫోన్‌కి యాప్ ఉంది, రాస్ప్‌బెర్రీ పైకి ఉంది, పాత పెంటియం డబ్బాకీ ఉంది. రేపు మైక్రోసాఫ్ట్ మనసు మార్చుకున్నా అవతల లినక్స్ ఉంటుంది. ప్రాణం నిలబడేది ఇలాంటి భాషకే.

ఒత్తు కనిపించాలి కదా

ప్రోటోకాల్స్ మీద ఇంగ్లిష్‌లో వచ్చే రివ్యూల్లో ఫ్రేమ్ రేట్ ఎంత, 4కే వీడియో ఆడిందా, గేమ్ ఎలా నడిచింది అనే చూస్తారు. తెలుగు అక్షరం ఎలా కనిపించిందో ఎవరూ చూడరు. మన పిల్లలకు అసలు ఇబ్బంది అక్కడే.

లెక్క చూద్దాం. 1920 బై 1080 స్క్రీన్, ఒక్కో పిక్సెల్‌కి 3 బైట్లు. ఒక్క ఫ్రేమ్ 62 లక్షల బైట్లు దాటుతుంది. సెకనుకు 30 ఫ్రేములు యథాతథంగా పంపాలంటే దాదాపు 1,500 ఎంబీపీఎస్ కావాలి. ఏ ఊరి కేబుల్ నెట్ ఇస్తుంది అంత? అందుకే ప్రతి ప్రోటోకాల్ ఏదో ఒకటి కుదిస్తుంది. వీడియో కోడెక్ పద్ధతిలో కుదిస్తే ఎక్కువగా 4:2:0 అనే పద్ధతి వాడతారు. అంటే వెలుగునీడల సమాచారం ప్రతి పిక్సెల్‌కీ పంపి, రంగు సమాచారం మాత్రం నాలుగు పిక్సెల్స్‌కి ఒకటే పంపడం. సినిమాకి ఏ తేడా తెలీదు. రంగు అక్షరాలకు మాత్రం అంచులు చెదిరిపోతాయి.

ఇంగ్లిష్ అక్షరం కొంచెం చెదిరినా చదవొచ్చు. తెలుగులో ఒత్తు చెదిరితే మాటే మారిపోతుంది. పత్తి కాస్తా పతి అవుతుంది, గడ్డి కాస్తా గడి అవుతుంది. మన బొగ్గులో గ ఒత్తు పోతే ఏం మిగులుతుంది? నీలం బ్యాక్‌గ్రౌండ్ మీద ఎర్ర అక్షరాలతో ఉన్న మాక్ టెస్ట్ పేజీని నాసిరకం సెట్టింగ్‌లో ఒకసారి తెరిచి చూడండి. ప్రశ్న అర్థం చేసుకోవడానికి మూడుసార్లు చదవాలి. పరీక్షలో ఆ సెకన్లే ర్యాంకు.

ఆర్‌డీపీలో దీనికి దారి ఉంది. విండోస్ 10, సర్వర్ 2016 నుంచి వచ్చిన ఏవీసీ 444 మోడ్ రంగు సమాచారాన్ని కూడా పూర్తిగా పంపుతుంది. అది లేకపోయినా, కదలని అక్షరాల భాగాన్ని వీడియోలా కాకుండా నాణ్యత పోని విధంగా పంపే పాత పద్ధతులూ అందులో ఉన్నాయి. లోకల్ నెట్‌వర్క్‌లో ఉన్నప్పుడు క్లయింట్‌లో కనెక్షన్ టైప్‌ని ల్యాన్ అని పెట్టండి, ఆటోమేటిక్‌కి వదిలేయొద్దు. ఫాంట్ స్మూతింగ్ ఆన్ చేయండి. మీ దగ్గర 4:2:0 తప్ప వేరే మార్గం లేకపోతే, రంగు అంచులతో అక్షరాన్ని నునుపు చేసే క్లియర్‌టైప్ లాంటివి ఆపేసి, నలుపు తెలుపు మధ్య షేడ్‌లతోనే నునుపు చేసేలా పెట్టండి.

టీవీని మానిటర్‌గా వాడేవాళ్లకు ఇంకో తలనొప్పి. చాలా టీవీలు హెచ్‌డీఎంఐ నుంచి వచ్చిన బొమ్మను సినిమా అనుకుని అంచులు కత్తిరిస్తాయి, లేని పదును అద్దుతాయి, రంగును మళ్లీ కుదిస్తాయి. ప్రోటోకాల్ ఎంత శుభ్రంగా పంపినా చివరి గజంలో టీవీ పాడుచేస్తుంది. ఇన్‌పుట్ పేరును పీసీ అని మార్చడం, లేదా గేమ్ మోడ్ పెట్టడం, ఓవర్‌స్కాన్ ఆపడం చాలా టీవీల్లో కుదురుతుంది. తర్వాత 12 పాయింట్ సైజులో స్త్రీ, రాష్ట్రం, సంస్కృతి, జ్యోత్స్న, పెద్దపల్లి అని టైప్ చేసి నాలుగడుగుల దూరం నుంచి చదవండి. నా దృష్టిలో ఏ బెంచ్‌మార్క్ యాప్ కన్నా నమ్మకమైన టెస్ట్ అది.

మీట నొక్కితే ఏం పోతుంది?

టైపింగ్ విషయంలో ఆర్‌డీపీకీ వీఎన్‌సీకీ ఉన్న తేడా చాలామందికి తెలియదు. వీఎన్‌సీ 1998లో కేంబ్రిడ్జ్‌లోని ఒలివెట్టి రీసెర్చ్ ల్యాబ్ నుంచి వచ్చింది. సరళంగా ఉంటుంది, ఎక్కడైనా నడుస్తుంది. నాకు దాని మీద గౌరవమే. కానీ మామూలు వీఎన్‌సీ మీరు నొక్కిన మీటను కాదు, ఆ మీటతో వచ్చిన అక్షరాన్ని పంపుతుంది. ఆర్‌డీపీ ఏ మీట నొక్కారో దాని నంబర్ పంపుతుంది, అదే అక్షరమో అవతలి కంప్యూటర్ తేల్చుకుంటుంది.

తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో కె మీట మీద క, డి మీట మీద పొల్లు ఉంటాయి. క్క రావాలంటే కె, డి, కె. ఇవతల డబ్బాలో ఇంగ్లిష్, అవతల సర్వర్‌లో తెలుగు లేఅవుట్ ఉందనుకోండి. ఆర్‌డీపీలో మీట నంబర్లు పోతాయి కాబట్టి క్క చక్కగా పడుతుంది. వీఎన్‌సీలో కె అనే ఇంగ్లిష్ అక్షరం పోతుంది, కొన్ని సర్వర్లు ఆ కె నే తెచ్చి పేజీ మీద పెడతాయి. మీట నంబర్ పంపే ఎక్స్‌టెన్షన్ కొన్ని వీఎన్‌సీలకు ఉంది, కానీ రెండు వైపులా ఉండాలి. తెలుగు టైపింగ్ నేర్పే సెంటర్‌లో ఇదొక్క కారణం చాలు నాకు, వీఎన్‌సీని పక్కన పెట్టడానికి.

లినక్స్ సర్వర్ మీద ఎక్స్‌ఆర్‌డీపీ వాడేవాళ్లకు ఒక చిట్కా. కనెక్ట్ అయ్యేటప్పుడు క్లయింట్ తన కీబోర్డు లేఅవుట్ ఏదో సర్వర్‌కి చెప్తుంది. తెలుగు లేఅవుట్‌కి అక్కడ మ్యాప్ లేకపోతే ఇబ్బంది పెడుతుంది. అందుకే క్లయింట్‌లో ఎప్పుడూ ఇంగ్లిష్ యూఎస్ లేఅవుటే ఉంచి, సెషన్ లోపల ఐబస్‌తో తెలుగుకు మారండి.

మన ఊళ్లో ల్యాబ్ పెట్టాలంటే

యైటింక్లయిన్ కాలనీ వైపు కంప్యూటర్ సెంటర్ నడిపే ఒకాయన నన్ను అడిగాడు. ఇరవై పాత పీసీలు, అన్నీ విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 ఆ మెషీన్లకు ఎక్కదు. "అన్నీ స్క్రాప్‌కి ఏసుడేనా తమ్మీ?" అన్నాడు. వేయొద్దన్నాను. ఒక్క మంచి సర్వర్ కొని, ఆ పాతవాటిని నెట్‌వర్క్ నుంచి బూట్ అయ్యే క్లయింట్లుగా మార్చమన్నాను. చెడిపోయిన చోట మాత్రం ఫ్యాన్ లేని చిన్న డబ్బాలు పెట్టమన్నాను.

ఫ్యాన్ లేకపోవడం ఇక్కడ చిన్న విషయం కాదు. మా దగ్గర కిటికీ తెరిస్తే బొగ్గు దుమ్ము లోపలికొస్తుంది. పీసీ క్యాబినెట్ తెరిస్తే ఫ్యాన్ మీద నల్లని పొర. ఎండాకాలం వేడి వేరే చెప్పాలా. ఇక కరెంటు. 2,600 మెగావాట్ల ఎన్‌టీపీసీ చిమ్నీలు కనిపించే ఊళ్లో కూర్చుని యూపీఎస్ లెక్కలు వేయడం మాకు అలవాటే. పాత పీసీ సుమారు 80 వాట్లు, మానిటర్ 20 అనుకుంటే ఇరవై సీట్లకు 2,000 వాట్లు. థిన్ క్లయింట్ 10 వాట్లు అనుకుంటే మానిటర్లతో కలిపి 600, సర్వర్‌కి ఇంకో 200. మొత్తం 800. అదే బ్యాటరీ రెట్టింపు కన్నా ఎక్కువ సేపు వస్తుంది.

కరెంటు పోయినప్పుడు ఇంకో లాభం. సర్వర్‌కి, స్విచ్‌కి యూపీఎస్ ఉంటే చాలు, సీట్లు ఆరిపోయినా సెషన్ సర్వర్ మీద బతికే ఉంటుంది. కరెంటు వచ్చాక లాగిన్ అయితే మాక్ టెస్ట్ ఏ ప్రశ్న దగ్గర ఆగిందో అక్కడే తెరుచుకుంటుంది. సెకండ్ షిఫ్ట్‌కు పోయే అన్నలు మధ్యాహ్నం సగంలో వదిలేసి, మర్నాడు వేరే సీట్లో కూర్చుని కొనసాగించొచ్చు. డిస్‌కనెక్ట్ అయిన సెషన్‌ను ఎంతసేపట్లో మూసేయాలి అనే సెట్టింగ్ ఒకటి చూసుకోండి చాలు.

ఇప్పుడు ఎవరికీ నచ్చని మాట. ఒకే విండోస్ 11 ప్రో లైసెన్స్ మీద సిస్టమ్ ఫైల్‌ను మార్చే చిన్న టూల్‌తో ఇరవై మందిని ఎక్కించే పద్ధతి యూట్యూబ్‌లో బోలెడు. అది లైసెన్స్ ఉల్లంఘన, ఒక అప్‌డేట్ రాగానే విరిగిపోతుంది. విరిగేది ఎప్పుడూ బ్యాచ్ నిండుగా ఉన్న రోజే. విండోస్ కావాలంటే విండోస్ సర్వర్, సీటుకో ఆర్‌డీఎస్ క్యాల్ కొనాలి. 120 రోజుల గడువు ఇస్తారు, అది ఉచితం కాదు, గడువు మాత్రమే. ఆ ఖర్చు చూశాకే నేను లినక్స్ మీద ఎక్స్‌ఆర్‌డీపీ వైపు మొగ్గాను. మాక్ టెస్టులన్నీ బ్రౌజర్‌లోనే కదా. అయితే డీటీపీ పని వేరు. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మీద బతికే జిరాక్స్ షాపు వాళ్లకు లినక్స్ అంటగట్టడం అన్యాయం. వాళ్లకు ఒక విండోస్ మెషీన్ విడిగా ఉంచండి.

వీడియోల దగ్గర మాత్రం ఆర్‌డీపీని నేను సమర్థించను. సర్వర్ యూట్యూబ్‌ను డీకోడ్ చేసి, మళ్లీ కుదించి, ఇరవై సీట్లకు పంపడం అంటే గంగలో మునిగి ఇంటికొచ్చి మళ్లీ స్నానం చేసినట్టే. క్లాసు వీడియోలు క్లయింట్‌లో ఉండే లోకల్ బ్రౌజర్‌లోనే చూపించండి. గేములకైతే సన్‌షైన్, మూన్‌లైట్ జోడీ ఉంది, అది ఒక మనిషికి ఒక గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్ల ఆట, ల్యాబ్ పని కాదు.

సెక్యూరిటీ గురించి గట్టిగా ఒకటే చెప్తా. 3389 పోర్టును రౌటర్‌లో ఇంటర్నెట్‌కి తెరవొద్దు. 2019 మే నెలలో బయటపడ్డ బ్లూకీప్ లోపానికి లాగిన్ కూడా అవసరం లేదు. పాత విండోస్ మెషీన్ నెట్‌కి కనిపిస్తే చాలు. బయట నుంచి రావాలంటే ముందు వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్, దాని లోపల ఆర్‌డీపీ. మన కాలనీల్లో రిటైరైన పెద్దమనుషులకు రిమోట్ డెస్క్‌టాప్ అంటే తెలిసేదే మోసపు ఫోన్ల ద్వారా. ఎనీడెస్క్ వేయించి ఖాతాలు ఊడ్చేస్తున్నారని ఆర్‌బీఐ 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. బాపుకి, పెద్దనాన్నకి ఈ ఒక్క ముక్క మీరే చెప్పండి, పింఛన్ పేరు చెప్పి ఎవరు యాప్ వేసుకోమన్నా వేసుకోవద్దని.

మళ్లీ మొదటి ప్రశ్నకు వస్తా. టీవీ డబ్బా అమ్మడానికి వచ్చిన మనిషిని ఏం అడగాలి? దూరం గురించి భయం అక్కర్లేదు. హైదరాబాద్ మనకు 225 కిలోమీటర్లు అనుకున్నా, ఫైబర్‌లో కాంతి పోయి రావడానికి రెండు మూడు మిల్లీసెకన్లు. దారిలో స్విచ్‌లు, మలుపులు కలిపితే పెరుగుతుంది, అయినా అక్షరాలు టైప్ చేయడానికి సరిపోతుంది. ఎక్కువగా సతాయించేది ఇంట్లో వైఫై. గోడ అవతల రౌటర్ పెట్టి డబ్బాను తిట్టొద్దు, కేబుల్ వేయండి. అడగాల్సినవి ఇవి. ఈ డబ్బా మీ సర్వీస్ కాకుండా ఇంకో సర్వర్‌కి ఆర్‌డీపీతో కనెక్ట్ అవుతుందా? ఒకవేళ మీరు ఈ సర్వీస్ ఆపేస్తే నా ఫైళ్లు ఎలా తీసుకోవాలి? కీబోర్డులో తెలుగు ఎలా మార్చాలి, ఇప్పుడే నా ముందు మార్చి చూపించు. సేల్స్ అతను రెండో ప్రశ్నకే ఫోన్ తీసి వాళ్ల సార్‌కి కలుపుతాడు, కలపనివ్వండి.

సొంతంగా చేసుకునేవాళ్లు రాస్ప్‌బెర్రీ పై గురించి అడుగుతుంటారు. పై 4లో హెచ్.264 డీకోడర్ చిప్‌లోనే ఉంది, పై 5లో అది తీసేశారు. ఏవీసీ మోడ్‌లో వచ్చే బొమ్మను పై 5 ప్రాసెసర్ బలంతోనే విప్పుతుంది. విప్పగలదు కూడా, కానీ వేడెక్కుతుంది, ఫ్యాన్ కావాలంటుంది. దుమ్ము ఊళ్లో ఫ్యాన్ వద్దనుకున్నాం కదా, కాబట్టి ఈ పనికి పాత పై 4 చవగ్గా దొరికితే అదే తీసుకోండి.